ఇంకో ఓవర్ వేస్తావా?

కెప్టెన్ అడిగే ఈ చిన్న ప్రశ్నకు ‘వేస్తాను’ అనడం తేలిక. నొప్పితో ఉన్న బౌలర్‌కు ‘వద్దు’ అనడమే కష్టం. ఆ మాట అనడం పిల్లలకు ఎవరు నేర్పాలి?

ఆదివారం ఉదయం ఏడు గంటలు. చెన్నై కోడంబాక్కంలోని ట్రస్ట్‌పురం మైదానంలో అప్పటికే రెండు మూడు మ్యాచ్‌లు ఒకదానిలోకి ఒకటి చొరబడుతూ నడుస్తున్నాయి. గోడవార సిమెంటు గట్టు మీద పదహారేళ్ల కుర్రాడు ఒకడు షూ వేసుకుంటున్నాడు. లేసు కట్టుకోవాలంటే ఎవరైనా వంగుతారు. వాడు వంగలేదు. ఎడమ పాదాన్ని గట్టు మీదికి ఎత్తిపెట్టి, వీపు కర్రలా నిలిపి, చేతులు మాత్రం చాచి ముడి వేసుకున్నాడు. లేచేటప్పుడు అరచేతిని నడుం ఎడమ పక్కన ఆనించుకున్నాడు.

ఆ ఆనించుకోవడం నాకు బాగా తెలుసు. అంతకుముందు వాడు స్నేహితులతో తెలుగులో మాట్లాడటం విన్నాను కాబట్టి, “నడుమా?” అని అడిగాను.

జవాబు చెప్పే ముందు వాడు చుట్టూ చూశాడు. కెప్టెన్ టాస్ దగ్గర ఉన్నాడని రూఢి చేసుకున్నాక, “కొంచెం పట్టేసింది అంకుల్. రెండు ఓవర్లు పడితే వేడెక్కి సర్దుకుంటుంది” అన్నాడు.

“మీ కెప్టెన్‌కి చెప్పావా?”

తల అడ్డంగా ఊపాడు. “చెప్తే వచ్చే ఆదివారం టీమ్‌లో ఉండను.”

నా సంగతి మూడు ముక్కల్లో చెప్పాను. వాడు మర్యాదగా విన్నాడు. అంతలో మైదానంలోంచి పిలుపొచ్చింది. కొత్త బంతి వాడిదే. పరుగెత్తాడు.

సిడ్నీలో కట్టుకోలేని లేసు

కోడంబాక్కం నుంచి తాంబరం వైపు ఎలక్ట్రిక్ రైలెక్కితే తర్వాతి స్టేషన్ మాంబళం. పట్టాలకు పడమటి పక్క వీధుల్లో ఆడుతూ పెరిగినవాడే రవిచంద్రన్ అశ్విన్. 2021 జనవరి 11న సిడ్నీ టెస్టు చివరి రోజు ఉదయం అతనికీ ఈ కుర్రాడి కష్టమే వచ్చింది. ముందు రాత్రి నడుం నొప్పితో పడుకున్న మనిషి పొద్దున నిటారుగా నిలబడలేకపోయాడనీ, వంగి షూ లేసు కూడా కట్టుకోలేకపోయాడనీ ఆ సాయంత్రం అతని భార్య ప్రీతి లోకానికి చెప్పారు.

ఆ రోజు అశ్విన్‌కు తోడుగా క్రీజులో నిలిచింది మన కాకినాడలో పుట్టిన హనుమ విహారి. పరుగు తీస్తుండగా తొడ వెనక కండరం పట్టేసి, అతనూ కుంటుతూనే ఉన్నాడు. విహారి 161 బంతులాడి 23 పరుగులు, అశ్విన్ 128 బంతులాడి 39 పరుగులు చేశారు. ఇద్దరూ కలిసి 259 బంతులు కాచి, ఓడిపోవాల్సిన మ్యాచ్‌ను డ్రాగా ముగించారు. స్టంప్ మైక్‌లో అశ్విన్ తమిళంలో విహారికి ధైర్యం చెబుతుంటే ఇక్కడ ఇళ్లలో టీవీల ముందు కూర్చున్న మనవాళ్లు కళ్లు తుడుచుకున్నారు.

ఈ కథను మనం ఇక్కడితో ఆపేస్తాం. పిల్లలకూ ఇంతవరకే చెబుతాం. తర్వాతి భాగమే నిజానికి పాఠం. నాలుగు రోజుల తర్వాత బ్రిస్బేన్‌లో సిరీస్ తేల్చే టెస్టు మొదలైతే, అందులో అశ్విన్ లేడు, విహారి లేడు. కడుపు కండరం నొప్పితో బుమ్రా లేడు, బొటనవేలు దెబ్బతో జడేజా లేడు. నలుగురూ ఆగారు. హైదరాబాద్ కుర్రాడు మహ్మద్ సిరాజ్, తన మూడో టెస్టులోనే బౌలింగ్ దళాన్ని ముందుండి నడిపించి రెండో ఇన్నింగ్స్‌లో 5 వికెట్లు తీశాడు. మ్యాచ్ మనదే, సిరీస్ మనదే.

ఆగిన అశ్విన్ ఏమయ్యాడు? ఫిబ్రవరిలో చెపాక్‌లో ఇంగ్లండ్ మీద తిరిగొచ్చాడు. రెండో టెస్టులో 8 వికెట్లు తీసి, 106 పరుగులు కూడా చేశాడు. నాలుగు టెస్టుల్లో కలిపి 32 వికెట్లు. బ్రిస్బేన్‌లో మొండిగా ఆడి ఉంటే చెపాక్ దక్కేదా?

దెబ్బ ఎటు నుంచి వచ్చింది?

గాయంతో ఆడిన కథల్లో మనం ముందుగా చెప్పుకునేది అనిల్ కుంబ్లేది. 2002 మేలో ఆంటిగ్వాలో బ్యాటింగ్ చేస్తుండగా మెర్విన్ డిల్లన్ బంతి తగిలి కుంబ్లే దవడ విరిగింది. తల చుట్టూ కట్టు కట్టుకుని వచ్చి వరసగా 14 ఓవర్లు వేశాడు, బ్రయాన్ లారాను ఎల్బీగా వెనక్కి పంపాడు. ఆ తర్వాతే శస్త్రచికిత్సకు బెంగళూరు విమానమెక్కాడు. ఆ కట్టు చూసి క్రికెట్ మీద ప్రేమ పెంచుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి.

విహారిదీ అలాంటిదే ఇంకో కథ. 2023 ఆరంభంలో ఇందోర్‌లో మధ్యప్రదేశ్‌తో రంజీ క్వార్టర్ ఫైనల్. ఆవేశ్ ఖాన్ బంతికి ఆంధ్ర కెప్టెన్ ఎడమ మణికట్టు విరిగింది. కుడిచేతి వాటం ఆటగాడు చివర్లో మళ్లీ వచ్చి, ఎడమచేతి వాటంగా నిలబడి, దాదాపు ఒంటిచేత్తో ఆడాడు. రెండు ఇన్నింగ్స్‌లోనూ.

ఈ రెండు కథల్లోనూ దెబ్బ బయటి నుంచి వచ్చింది. కుంబ్లే బంతి వేయడానికి దవడతో పనిలేదు. నొప్పి భరించాడు, నిజమే. కానీ అతను వేసిన 84 బంతుల్లో ఏ ఒక్కదాని బరువూ ఆ విరిగిన ఎముక మీద పడలేదు. విహారి కూడా విరిగిన మణికట్టును బంతికి దూరంగా పెట్టడానికే వాటం మార్చి నిలబడ్డాడు.

ట్రస్ట్‌పురం గట్టు మీది కుర్రాడి సంగతి అలా కాదు. అతన్ని ఏ ప్రత్యర్థీ కొట్టలేదు. అతను వేసే బంతే అతనికి దెబ్బ. బౌలర్ గాయాల్లో ఎక్కువ భాగం ఇలాగే లోపల్నుంచి వస్తాయి. నొప్పి ఉన్నచోటే తర్వాతి బంతి బరువూ పడుతుంది. అందుకే బౌలర్ ‘భరిస్తాను’ అన్నప్పుడు భరించేది పాత దెబ్బను కాదు, ఓవర్‌కు ఆరు కొత్త దెబ్బలను.

ఇది తెలిసినవాళ్లలో కుంబ్లే కూడా ఉన్నాడు. విరిగిన దవడతో బౌలింగ్ వేసిన ఆ మనిషే, బంతి వేసే భుజం చెడినప్పుడు శస్త్రచికిత్స చేయించుకుని నెలల తరబడి ఆటకు దూరంగా కూర్చున్నాడు. 2001లో ఆస్ట్రేలియా మీద కోల్‌కతా, చెన్నై విజయాలు అతను లేకుండానే జరిగాయి. దవడ కట్టు ఫొటో గోడకెక్కింది. భుజం కోసం కూర్చున్న నెలలకు ఫొటో లేదు. కుంబ్లేను 619 టెస్టు వికెట్ల దాకా నడిపించిన నిర్ణయాల్లో ఆ కూర్చోవడమూ ఒకటి.

చెట్‌పట్ నేర్పిన పాఠం

కోడంబాక్కం నుంచి బీచ్ వైపు రైల్లో రెండో స్టేషన్ చెట్‌పట్. అక్కడి పాఠశాల మైదానంలో 1987 నుంచి ఫాస్ట్ బౌలర్లకు శిక్షణనిచ్చే ఎంఆర్ఎఫ్ పేస్ ఫౌండేషన్ నడుస్తోంది. దానికి పాతికేళ్లు గురువుగా ఉన్నవాడు ఆస్ట్రేలియా ఫాస్ట్ బౌలర్ డెనిస్ లిల్లీ. ఇరవైమూడేళ్ల వయసులో, 1973 వెస్టిండీస్ పర్యటనలో నడుం ఎముకల్లో చీలికలు వచ్చి కుప్పకూలిన మనిషి. ఛాతీ నుంచి నడుం దాకా వారాల తరబడి పిండికట్టుతో ఉన్నాడు. ఎంత వేగంగా వేయాలన్నది ఒక్కటే కాకుండా శరీరం ఎలా తిరగాలన్నది కూడా నేర్చుకుని, 1974 చివర్లో టెస్టులకు తిరిగొచ్చి, మొత్తం 355 వికెట్లు తీశాడు. ఆ నొప్పి తెలిసినవాడు కాబట్టే చెన్నైలో మన కుర్రాళ్ల యాక్షన్‌లను అంత పట్టుదలగా సరిదిద్దాడు. 2012లో ఆ బాధ్యత గ్లెన్ మెక్‌గ్రాత్‌కు వచ్చింది.

ఫాస్ట్ బౌలర్ ముందు పాదం క్రీజులో దిగిన క్షణంలో ఒంటి బరువుకు అయిదారు రెట్ల బలం కాలి గుండా పైకి తంతుంది. సరిగ్గా అప్పుడే నడుం వెనక్కీ పక్కకీ వంగి, మెలి తిరుగుతుంది. కుడిచేతి బౌలర్ అయితే ఎడమ పక్కకు వంగుతాడు. నడుం కింది వెన్నుపూసల వెనక భాగంలో ఉన్న సన్నని ఎముక వంతెన మీద ఆ భారమంతా పడుతుంది. ఒక తీగను పదే పదే వంచితే ఏమవుతుందో అక్కడా అదే జరుగుతుంది. ముందు ఎముక లోపల వాపు, తర్వాత వెంట్రుకంత చీలిక, ఆగకపోతే పూర్తిగా విరిగిపోవడం. స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటే ఇదే. వెన్ను ఎముకలు పూర్తిగా గట్టిపడేది ఇరవైల్లోకి వచ్చాకే కాబట్టి పదిహేను నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకు ముప్పు ఎక్కువ. మామూలు ఎక్స్‌రేలో ఇది చాలాసార్లు కనపడదు. తొలి దశలో ఎంఆర్ఐ పట్టుకుంటుంది. అప్పుడు ఆగితే నెలల్లో ఎముక అతుక్కుంటుంది. నొప్పి మాత్రతో నెట్టుకొస్తే మాత్ర నొప్పిని కప్పుతుంది గానీ ఎముకను అతకదు.

ఆస్ట్రేలియా కెప్టెన్ పాట్ కమిన్స్‌ను చూడండి. 2011 నవంబరులో జోహన్నెస్‌బర్గ్‌లో పద్దెనిమిదేళ్లకు తొలి టెస్టు ఆడాడు. రెండో ఇన్నింగ్స్‌లో 6 వికెట్లు తీసి మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ అయ్యాడు. రెండో టెస్టు ఆడింది 2017 మార్చిలో, రాంచీలో. మధ్యలో అయిదేళ్లకు పైగా గాయాలు, నడుం చీలికలు. ఆ కాలంలో అతని యాక్షన్‌ను దిద్దినవాళ్లలో లిల్లీ ఒకడు. 2023 నవంబరులో అహ్మదాబాద్‌లో మన చేతుల్లోంచి ప్రపంచకప్పు తీసుకుపోయింది, ఒకప్పుడు టెస్టులకు అయిదేళ్లు ఆగిన ఆ బౌలరే.

ఎందుకు దాస్తారు?

ఇంత తెలిసినా బౌలర్లు నొప్పి ఎందుకు దాస్తారు? పిరికివాళ్లని అంటారేమోనన్న బెరుకు కొంత. చోటు పోతుందన్న భయం చాలా.

మళ్లీ అశ్విన్ దగ్గరికే వస్తాను. 2018 ఆగస్టు చివర్లో సౌతాంప్టన్ టెస్టుకు తుంటి దగ్గర నొప్పితోనే దిగాడు. పిచ్ తిరుగుతుంటే ఇంగ్లండ్ ఆఫ్‌స్పిన్నర్ మొయిన్ అలీ 9 వికెట్లు తీశాడు, మనం 60 పరుగులతో ఓడాం. అశ్విన్‌కు ఏమైందని అందరూ అడిగారు. డిసెంబరులో అడిలైడ్‌లో ఆ ఒక్క టెస్టులో 86.5 ఓవర్లు వేసి 6 వికెట్లు తీశాడు, చివరి వికెట్‌తో సహా. మనం 31 పరుగులతో గెలిచాం. పొట్ట పక్క కండరం దెబ్బతిని, ఆ సిరీస్‌లో అతను మళ్లీ ఆడలేదు. జనం గుర్తుపెట్టుకున్నది ఆడని మూడు టెస్టులను. 2018, 2020ల మధ్య ఆట మానేద్దామని పలుమార్లు అనుకున్నాననీ, ఆరు బంతులు వేస్తే ఊపిరి అందేది కాదనీ, తన గాయాలను ఎవరూ పట్టించుకోలేదనిపించిందనీ 2021లో ఒక ఇంటర్వ్యూలో అశ్వినే చెప్పాడు. మోకాలి నొప్పిని బట్టి గెంతునూ యాక్షన్‌నూ మార్చుకుంటూ, 2024 డిసెంబరులో 537 టెస్టు వికెట్లతో అంతర్జాతీయ క్రికెట్‌కు వీడ్కోలు చెప్పాడు. వందల వికెట్లు తీసినవాడికే ‘నా నొప్పిని నమ్మలేదు’ అనిపిస్తే, ఆదివారం మ్యాచ్ ఆడే పదహారేళ్లవాడు నోరు విప్పుతాడా?

మా కోడంబాక్కానికి ఆ భయం కొత్త కాదు. తెలుగు సినిమా దశాబ్దాల పాటు బతికింది ఇక్కడే. ఆర్కాడు రోడ్డు పొడుగునా స్టూడియోలు, వాటి చుట్టూ రోజు కూలి మీద ఫైటర్లు, డాన్సర్లు, లైట్‌మెన్. మడమ బెణికిందని చెబితే రేపు పిలుపు రాదేమోనని కట్టు మీద ప్యాంటు దించుకుని పనికి వెళ్లే బతుకులు ఈ వీధులకు తెలుసు. తెర మీద ఆ దెబ్బ కనపడదు. ఇంటికొచ్చాక కనపడుతుంది.

నాదీ అలాంటి మౌనమే. పదిహేడేళ్లప్పుడు ఇక్కడే ఒక చిన్న జట్టుకు కొత్త బంతి వేసేవాణ్ణి. నడుం ఎడమ పక్క నొప్పి మొదలైంది. ఇడ్లీ తిన్నాక ఒక మాత్ర, టాస్‌కు ముందు స్ప్రే. ప్రతి మ్యాచ్‌లోనూ ‘ఇంకో ఓవర్ వేస్తావా?’ అన్న ప్రశ్న వచ్చేది. ప్రతిసారీ ‘వేస్తాను అన్నా’ అన్నాను. అలా ఒక సీజన్ మొత్తం. చివరికి ఒక సోమవారం మంచం మీంచి లేవలేకపోయాను, అమ్మ లేపి కూర్చోబెట్టింది. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. నెలల తర్వాత తీసిన ఎంఆర్ఐలో నడుం చివరి పూసలో చీలిక కనిపించింది. తర్వాత నడిచాను, ఉద్యోగం చేశాను, పిల్లల్ని ఎత్తుకున్నాను. వేగంగా ఒక్క బంతి వేయలేదు. నన్ను అడిగిన కెప్టెన్ తప్పు లేదు. అతనికి నేను చెప్పలేదు. చెప్పవచ్చని నాకు ఎవరూ చెప్పలేదు.

అలసట వేరు, గాయం వేరు

‘మరి సిరాజ్ సంగతి?’ అని అడిగేవాళ్లున్నారు. సరైన ప్రశ్నే. 2025 వేసవిలో ఇంగ్లండ్‌లో అయిదు టెస్టులూ ఆడి 185.3 ఓవర్లు వేశాడు, 23 వికెట్లు తీశాడు. ఆగస్టు 4న ఓవల్‌లో 6 పరుగుల తేడాతో గెలిపించిన ఆఖరి యార్కర్, అన్ని వందల బంతుల తర్వాత కూడా గురి తప్పలేదు. ఆటో నడిపి పెంచిన తండ్రి పోయిన వార్త విని కూడా ఆస్ట్రేలియాలో ఉండిపోయి ఆడినవాడు, అలసటకు లొంగడు.

అయితే అది అలసట. గాయం కాదు. ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా పెంచుకుంటూ వచ్చిన భారానికి అలవాటుపడ్డ శరీరం అది. అదే సిరీస్‌లో బుమ్రా మూడు టెస్టులే ఆడాడు. 2023లో నడుముకు శస్త్రచికిత్స అయినవాడు, 2025 జనవరిలో సిడ్నీలో నడుం పట్టేసి రెండో ఇన్నింగ్స్‌లో బంతి పట్టలేకపోయినవాడు. మూడే ఆడతానని ముందే చెప్పి ఆడాడు. సిరాజ్‌ను పొగడటానికి బుమ్రాను తిట్టినవాళ్లను చూసి బాధపడ్డాను. ఇద్దరూ తమ ఒంటి మాట విన్నారు. ఒకరి ఒళ్లు వేయమంది, ఇంకొకరి ఒళ్లు ఆగమంది.

బంతి పట్టే ముందు

వైద్యుడి మాటకు ఇది బదులు కాదు. నొప్పితో ఉన్న బౌలర్, అతని అమ్మానాన్నలు, కెప్టెన్ తెలుసుకోవాల్సిన సంగతులు మాత్రం ఇవి:

• ఒళ్లంతా సమంగా నొప్పులుండి, వార్మప్‌తో తగ్గి, మర్నాటికి పోతే అది చాలావరకు అలసట. ఒకేచోట, ఒకే పక్క నొప్పి ఉండి, ఓవర్లు పడేకొద్దీ పెరిగితే ఆగాలి.

• కుడిచేతి బౌలర్‌కు నడుం ఎడమ పక్క, ఎడమచేతి బౌలర్‌కు కుడి పక్క నొప్పి రెండు వారాలు దాటితే, ముఖ్యంగా ఇరవై అయిదేళ్లలోపు వాళ్లయితే, చీలిక లేదని తేలేదాకా చీలిక ఉందనే అనుకోవాలి. ఒంటికాలి మీద నిలబడి వెనక్కి వంగినప్పుడు నొప్పి పొడిస్తే అనుమానం ఇంకా బలపడుతుంది.

• నొప్పి తప్పించుకోవడానికి రనప్ తగ్గినా, చేయి కిందికి దిగినా, పాదం వేరేచోట పడినా ఆ రోజుకు చాలు. ఒకచోటి గాయం ఇంకోచోటికి పాకేది ఇలాగే.

• కాలిలోకి తిమ్మిరి పాకినా, కీలు వాచినా, రాత్రి నొప్పికి మెలకువ వచ్చినా ఆలస్యం వద్దు. క్రీడా వైద్యుణ్ణి చూడాలి.

• మాత్ర వేసుకుంటే తప్ప వేయలేని ఓవర్ వేయకూడదు.

• రెండు వారాలు ఖాళీగా ఉండి ఒక్కసారిగా ఇరవై ఓవర్లు వేయడం మామూలు భారం కన్నా ప్రమాదం. నెట్స్‌లో వేసిన బంతులు కూడా లెక్కే. ఇంగ్లండ్ బోర్డు 14, 15 ఏళ్ల ఫాస్ట్ బౌలర్లకు ఒక స్పెల్‌లో 6 ఓవర్లు, రోజుకు 12 అని ఏళ్లపాటు హద్దు పెట్టింది. మన మైదానాల్లో ఒకే పిల్లవాడు పొద్దున స్కూలుకు, సాయంత్రం క్లబ్బుకు, ఆదివారం వీధి జట్టుకు వేస్తాడు. ఆ మూడింటినీ కలిపి లెక్కపెట్టేవాళ్లు ఒకరుండాలి.

వీటన్నిటికన్నా ముఖ్యమైనది కెప్టెన్లకూ కోచ్‌లకూ చెబుతున్నాను. ‘వేస్తావా?’ అని అడగకండి. ఆ ప్రశ్నకు పిల్లల దగ్గర ఒకే జవాబుంది. ‘ఎక్కడ నొప్పి? ఎన్నాళ్లుగా?’ అని అడగండి. చెప్పినవాడికి అతని చోటు అలాగే ఉంచండి.

మూడో ఓవర్ తర్వాత

ఆ కుర్రాడు మూడు ఓవర్లు వేశాడు. మంచి బౌలర్. లెంగ్త్ మీద పడి బయటికి కదిలే బంతి వాడికి పుట్టుకతో వచ్చింది. మూడో ఓవర్‌లో నాలుగో బంతికి చేయి కొంచెం కిందికి దిగింది. ఆరో బంతి వేశాక తిరిగి నడుస్తూ, అరచేయి మళ్లీ నడుం మీదికి వెళ్లింది.

కెప్టెన్ మిడాఫ్ నుంచి వచ్చాడు. “ఇంకో ఓవర్ వేస్తావా రా?”

వాడు గోడ వైపు, నా వైపు ఒకసారి చూశాడు. తర్వాత తల దించుకుని, “వద్దన్నా. నడుం ఎడమ పక్క నొప్పి. మూడు వారాలుగా ఉంది” అన్నాడు.

నాతో ‘కొంచెం’ అన్నవాడు, తన కెప్టెన్‌తో ‘మూడు వారాలు’ అన్నాడు. ఆ కెప్టెన్‌కు కూడా ఇరవై రెండేళ్లకు మించి ఉండవు. కాసేపు ఏమీ అనలేదు. బంతి ఇంకొకడికి విసిరి, కుర్రాణ్ణి గట్టు దాకా నడిపించుకొచ్చాడు. “ముందే చెప్పాలి గదరా! రేపు నాతో డాక్టర్ దగ్గరికి రా. నీ చోటు ఎక్కడికీ పోదు” అన్నాడు. షూ విప్పుకోవడానికి కుర్రాడు పాదాన్ని గట్టు మీదికి ఎత్తబోతుంటే, వద్దని ఆపి, తనే నేల మీద గొంతుక్కూర్చుని ఆ లేసు ముడి విప్పాడు.